పుస్తకం చివర ప్రశ్నల పట్టిక

మా అక్క కొడుక్కి మూడేళ్ళు దాటినా మాటలు రాకపోతే, ఇంట్లో అందరూ ధైర్యానికి నన్ను చూపించేవాళ్ళు. "వీడి మేనమామ నాలుగేళ్ళకి గానీ నోరు విప్పలేదు. ఇప్పుడు చూడు, ఫోన్లో మీటింగులంటూ ఆపకుండా వాగుతాడు" అనేది అమ్మ. ఆ ధైర్యంతో ఏడాదిన్నర గడిచిపోయింది. చివరికి ఒక డాక్టరు ఆటిజం అని రాసిచ్చి, అక్కని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "మీరు ఉద్యోగం చేస్తారా?" బావ పక్కనే ఉన్నాడు. ఆయన్ని అడగలేదు.

ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళితే బాల్టిమోర్‌లో తేలాను. 1943లో జాన్స్ హాప్కిన్స్‌లో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజం అనే మాటకి ఇవాళ మనకు తెలిసిన అర్థం అక్కడ మొదలైంది. అందులో మొదటి పిల్లవాడు మిసిసిపీకి చెందిన డోనల్డ్. వాళ్ళ నాన్న కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం టైపు చేసి పంపాడు. కానర్ ఆ ఉత్తరాన్ని బాగా వాడుకున్నాడు. వాడుకుంటూనే, అంత వివరం రాయడం కూడా ఒక రకమైన చాదస్తమేనన్నట్టు నమోదు చేశాడు. ఏమీ చెప్పకపోతే పట్టించుకోని తండ్రి, అన్నీ చెబితే చాదస్తపు తండ్రి!

ఈ పిల్లలు పుట్టుకతోనే ఇలా ఉన్నారని కానర్ అదే వ్యాసంలో రాశాడు. తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువనీ రాశాడు. లోకం రెండోదాన్నే పట్టుకుంది. 1949కల్లా ఆయనే ఈ పిల్లల్ని మంచు కరగని ఫ్రిజ్‌లలో పెట్టిన వాళ్ళతో పోల్చాడు. "రిఫ్రిజిరేటర్ మదర్" అనే తిట్టు అలా స్థిరపడింది. చికాగోలో బ్రూనో బెట్టెల్‌హైమ్ దాన్ని ఇంకా దూరం తీసుకెళ్ళాడు. ఆయన స్వయంగా డహావ్, బుఖెన్‌వాల్డ్ నాజీ క్యాంపుల్లో ఉండి బయటపడినవాడు. ఆ ఖైదీలకీ ఈ పిల్లలకీ పోలిక తెచ్చాడు. ఆ పోలికలో తల్లి ఏ స్థానంలో నిలబడుతుందో చెప్పక్కర్లేదు.

ఇలాంటి నింద మోస్తున్న మనిషి సాటి మనిషి కోసం ఎలా వెతుక్కుంటుంది? పక్కింటికి చెప్పుకోలేదు, డాక్టరేమో తననే నేరస్తురాలంటున్నాడు. ఈ పిల్లల తల్లిదండ్రుల సంఘాల చరిత్ర అంతా నాకు ఆ వెతుకులాటగానే కనిపిస్తుంది.

బెర్నార్డ్ రిమ్లాండ్ అమెరికా నౌకాదళంలో పనిచేసే సైకాలజిస్టు. 1956లో కొడుకు మార్క్ పుట్టాడు. ఆపకుండా ఏడ్చేవాడు, ఎత్తుకుంటే ఒదిగేవాడు కాదు. తండ్రికి సైకాలజీలో డాక్టరేట్ ఉంది గానీ ఆటిజం అనే మాట అప్పటిదాకా ఎదురుపడలేదు. ఇలాంటి పిల్లల గురించి కాలేజీ రోజుల్లో ఎక్కడో చదివానని భార్య గ్లోరియాకి గుర్తొచ్చింది. గరాజ్‌లో పాత పెట్టెలు తిరగేస్తే ఆ పాఠ్యపుస్తకంలోనే దొరికింది. రిమ్లాండ్ దొరికినవన్నీ చదివి 1964లో ఒక పుస్తకం వేశాడు. తల్లిదండ్రుల పెంపకం వల్ల ఆటిజం వస్తుందనడానికి ఆధారం లేదనీ, మూలం శరీరంలో వెతకాలనీ దాని వాదన. ముందుమాట రాసింది ఎవరనుకున్నారు, కానరే.

నాకు నచ్చేది మాత్రం ఆ పుస్తకం చివరి పేజీలు. పిల్లల లక్షణాల మీద ఒక ప్రశ్నల పట్టిక ఉంటుంది. తల్లులు దాన్ని నింపి ఆయనకు పోస్టు చేయడం మొదలుపెట్టారు. మా వృత్తిలో దీన్ని బగ్ రిపోర్ట్ అంటాం. డెవలపర్ "నా మెషీన్లో బాగానే నడుస్తోందే" అని తప్పించుకుంటుంటే, యూజర్లే ఒకరినొకరు పట్టుకున్నారన్నమాట. ఆయనకి ఉత్తరం రాసినవాళ్ళలో రూత్ సలివాన్ అనే నర్సు ఒకరు. 1965 నవంబరులో న్యూజెర్సీలోని టీనెక్‌లో కొందరు తల్లిదండ్రులు కలిసి జాతీయ సంఘం పెట్టుకున్నారు. దానికి ఎన్నికైన తొలి అధ్యక్షురాలు ఆవిడే. లండన్‌లో ఇలాంటి సంఘం 1962లోనే వచ్చింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన లోర్నా వింగ్ సైకియాట్రిస్టు, ఆటిజం ఉన్న కూతురికి తల్లి కూడా. ఇవాళ మనం వాడే "స్పెక్ట్రమ్" ఆలోచన చాలావరకు ఆవిడ చలవే.

1967లో రెండు పుస్తకాలు వచ్చాయి. బెట్టెల్‌హైమ్‌ది "ఖాళీ కోట" అనే అర్థం వచ్చే పేరుతో. క్లారా క్లెయిబోర్న్ పార్క్ అనే తల్లి తన కూతురి గురించి రాసినది "ముట్టడి" అనే పేరుతో. ఇద్దరికీ కోటే కనిపించింది. ఆయన లోపల ఎవరూ లేరని తేల్చాడు. ఈవిడ లోపలికి దారి కోసం ఏళ్ళ తరబడి బయట కాచుక్కూచుంది. రెండేళ్ళ తర్వాత, 1969లో, ఆ తల్లిదండ్రుల సభకే కానర్ వచ్చి, మీ తప్పేమీ లేదని చెప్పి వెళ్ళాడు.

ఇక్కడితో ఆపేస్తే కథ మరీ తియ్యగా ఉంటుంది. నిపుణులు అంత దారుణంగా మోసం చేశాక, నిపుణుల మాట నమ్మకపోవడం అలవాటైపోయింది. అదే రిమ్లాండ్ తర్వాతి రోజుల్లో టీకాల మీద నిరాధారమైన అనుమానాల వైపు వెళ్ళాడు. పైగా ఈ సంఘాల్లో పిల్లల బదులు తల్లిదండ్రులే మాట్లాడారు. లండన్ సంఘం 1963లో ఎంచుకున్న గుర్తు పజిల్ ముక్క, అందులో ఏడుస్తున్న పిల్లవాడు. 1993లో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి తల్లిదండ్రులని ఉద్దేశించి, మా కోసం శోకించకండి, మీరు శోకించేది మీరు ఊహించుకున్న బిడ్డ కోసం అన్న అర్థంలో రాస్తే చాలామందికి మింగుడుపడలేదు. అక్కకి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. "నిజమే గానీ, కొంచెం టైమివ్వాలి కదరా" అంది.

మన దగ్గర ఈ పని 1991లో ఢిల్లీలో మెర్రీ బారువా అనే తల్లి మొదలుపెట్టారు, యాక్షన్ ఫర్ ఆటిజం పేరుతో. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాల జాబితా ఉంది, అందులో ఆటిజం లేదు. జాబితాలో లేకపోతే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే ఏ కిటికీ దగ్గరా పని జరగదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆ పేరు చేరింది, 2016 చట్టంలోని 21 వైకల్యాల్లోనూ ఉంది. తెలుగులో దీనికి "స్వలీనత" అని ఒక మాట పుట్టించారు. వింటే యోగసాధనలా ఉంటుంది. హైదరాబాద్‌లో అక్క వెళ్ళే థెరపీ సెంటర్లో ఆ మాట ఎవరి నోటా నేను వినలేదు.

ఆ సెంటర్లో ప్లాస్టిక్ కుర్చీలున్న వరండాయే అక్క సంఘం. పిల్లలు లోపల ముప్పావుగంట ఉంటారు, తల్లులు బయట. ఏ స్కూలు మాట తప్పింది, సర్టిఫికెట్‌కి ఏ రోజు వెళ్ళాలి, ఏ కటింగ్ షాపువాడు విసుక్కోడు, అన్నీ అక్కడే తెలుస్తాయి. కొత్తగా వచ్చినావిడ మూలన ముడుచుకుని కూచుంటే, పక్కావిడ మొదట అడిగేది పిల్లాడి పేరు.

పద్దెనిమిదేళ్ళు నిండాక సంరక్షకుడి కోసం కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలని కూడా అక్కకి ఆ వరండాలోనే తెలిసింది. వాడికిప్పుడు పదమూడు. మొన్న వచ్చినప్పుడు బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. ఏ పత్రాలు కావాలో ఎవరో తల్లి చేత్తో రాసిచ్చిన జాబితా.

"మా తర్వాత అన్న చోట నీ పేరు రాయనా? మేనమామవి కదా" అంది.

కాగితం తీసుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. మూడో వరసలో నా ఆధార్ కాపీ అని ముందే రాసి ఉంది.