గ్రహణం నాడు బయటికి పిలిచిన సారు

కట్టెలు జర ఎగదొయ్యి బిడ్డ, యశ్‌పాల్ సారు ముచ్చట చెప్త. ఆయన పుట్టిన ఝంగ్ ఇప్పుడు పాకిస్తాన్ల ఉన్నది. బొంబాయిల విశ్వకిరణాల మీద పరిశోధన జేసిన మనిషి. అంత చదివినోళ్లు మన అసుంటోళ్లతోని మాట్లాడుడే తక్కువ, ఈయన అట్లగాదు.

1975 ఆగస్టుల, ఆయన అహ్మదాబాద్ల అంతరిక్ష కేంద్రానికి డైరెక్టరుగ ఉన్నప్పుడు, అమెరికోళ్ల ఉపగ్రహాన్ని ఏడాదికి ఎరువు దెచ్చి ఆరు రాష్ట్రాలల్ల 2,400 ఊర్లకు టీవీ చూపిచ్చిండ్రు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం గూడ అండ్ల ఉండె. అప్పటికి హైదరాబాదుల దూరదర్శనే మొదలుగాలె! కోళ్లకు కట్టే జాలీతోని జేసిన పది ఫీట్ల గొడుగసుంటి యాంటెనా పెట్టిండ్రు. పొద్దుగూకితె మా మేనత్తోళ్ల ఊరంత టీవీ ముంగటనే. ఎవుసం, ఆరోగ్యం ముచ్చట్లు తెలుగులనే. ఏడాది నిండంగనే బందయింది.

ఇగ 1980 ఫిబ్రవరి 16. సంపూర్ణ సూర్యగ్రహణం మన నెత్తిమీదికెల్లే పోయింది. ఒక్క జాగల అసుంటిది మళ్లొచ్చెటానికి సగటున 375 ఏండ్లు పడుతదంట. ఇబ్రహీంపట్నం దిక్కు జపాల్-రంగాపూర్ల ఉస్మానియోళ్ల దుర్భిణి కాడ సైంటిస్టులు కనిపెట్టుకొని కూసున్నరు. మా ఊర్ల తలుపులన్నీ మూసిండ్రు. తొక్కు జాడీల మీద గరికపోచలు, కడుపుతోనున్నోళ్లను మంచం దిగనియ్యలె. పట్టపగలు చీకటయితె చూసినోడు పసులకాడి పోరడొక్కడే. వాడు చెప్తె ఎవలు నమ్మలె.

1995ల మళ్లొచ్చింది, అక్టోబరు 24, దీపావళి తెల్లారి. ఈసారి మనకు కొంతే. నిండుగ పట్టింది రాజస్థాన్ నుంచి బెంగాల్ దాక. దూరదర్శన్ల అప్పటికప్పుడు చూపిస్తుంటె యశ్‌పాల్ సారు వివరం చెప్పిండు. ఉత్త కండ్లతోని చూడొద్దు, గట్లని ఇంట్ల దాక్కోవద్దు, ఇదీ ఆయన మాట. సూర్యుడు నిండ మునిగింది కొద్దిసేపే. ఒక అంచుకు వెలుగు రవ్వ తళుక్కుమన్నది. ఆయన సంబురం చూడాలె! మా అమ్మ గడప దాటలె, గుక్కెడు నీళ్లు తాగలె. కానీ టీవీ ముంగటికెల్లి లేవలె. చివరికి, “మళ్ల ఒకపారి చూపిస్తరా?” అనడిగింది.

ఆ గ్రహణానికి ముందు టీవీల ‘టర్నింగ్ పాయింట్’ అని ఒక కార్యక్రమం వస్తుండె. జనం రాసిన ప్రశ్నలకు ఆయన జవాబు చెప్పేటోడు. చిన్న పోరగాండ్ల ప్రశ్నలనే ఎక్కువ మెచ్చుకునేటోడు. నాకు నచ్చింది అదే. జవాబు చెప్పేటోళ్లు మస్తుగుంటరు, ప్రశ్నకు మర్యాద ఇచ్చేటోళ్లు యాడున్నరు?

మీ బడి సంచుల ముచ్చట గూడ ఆయనదే. ఆర్.కె. నారాయణ్ తెలుసుగద, కథలు రాసినాయన? రాజ్యసభల లేసి పిల్లల సంచుల బరువు మీద మాట్లాడిండు. తర్వాత సర్కారు యశ్‌పాల్ సారును కమిటీకి పెద్దగ పెట్టింది. 1993ల నివేదికిచ్చిండ్రు: సంచి బరువుకన్న, అర్థంగాని చదువు బరువే పెద్దదని. 2005ల దేశం మొత్తానికి పాఠాల ప్రణాళిక రాసెటప్పుడు గూడ ఆయన్నే పిలిచిండ్రు. 2013ల పద్మవిభూషణ్ ఇచ్చిండ్రు, 2017ల పోయిండు.

గా మూలకున్నది నీ సంచేనా? ఇటు తే, ఎంత బరువుందో చూస్త.