పొద్దు గూకినాక

కడప శివారు, మే నెల. పాలకొండల మీద ఎర్రజీర ఆరిపోయింది గానీ, వాకిట్లో పరిచిన నాపరాళ్ల వేడి ఇంకా చెప్పుల్లోంచి తగులుతోంది. మీరు వీఆర్వో. మధ్యవర్తిగా రమ్మని ఫోనొస్తే బండెక్కి వచ్చారు. ఈ మిద్దెలో గంజాయి ఉందని కబురు.

తలుపు రెండడుగుల దూరం. సీఐ కదలడు. జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాస్తున్నాడు.

“పోదాం సార్, వాడు గోడ దూకుతాడేమో.”

“టైమెంత వీఆర్వో గారూ?”

“ఆరూ యాభై.”

“పొద్దు గూకింది గదా. రాయకుండా కాలు పెడితే రేపు కోర్టులో కేసు నిలబడదు.”

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, 42వ సెక్షన్. పగలైతే అందిన సమాచారం రాసుకుని, వారంటు లేకున్నా ఇంట్లోకి పోవచ్చు. పొద్దు గూకినాక అట్లా కాదు. వారంటు తెచ్చేలోపు సరుకో మనిషో మాయమవుతారని ఎందుకు నమ్మాడో ముందే రాయాలి. ఆ నకలు 72 గంటల్లో పై అధికారికి పంపాలి.

తలుపు తెరుచుకుంది. కానిస్టేబుల్ సెల్‌ఫోన్ ఎత్తాడు. 2024 జులై నుంచి సోదా అంతా వీడియో తీయాల్సిందే. లుంగీ మనిషి గోడకు అతుక్కున్నాడు.

“నీ ఒళ్లు సోదా చేయాల. గెజిటెడ్ ఆఫీసరు ముందరో, మేజిస్ట్రేటు ముందరో చేయమని అడిగే హక్కు నీకుండాది. ఏమంటావ్?”

ఈ మాట చెప్పి తీరాలని 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులోనూ, 2010లో జడేజా కేసులోనూ సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు తేల్చాయి.

“తాసిల్దారును పిలిపీయండి సార్.”

మంచం కింది సంచికి మాత్రం ఆ హక్కు వర్తించదు. కాటా మీద పెట్టారు: 21 కిలోలు. మీ గుండె ఝల్లుమంది. 20 దాటితే పదేళ్లకు తక్కువ కాని కఠిన శిక్ష. అందుకే ఇంత రాత. శాంపిల్ ఇక్కడ తీయరు, మేజిస్ట్రేటు ఎదుటే. సంచికి లక్క సీలు పడింది.

పంచనామా కింద మీ సంతకం. పక్కన టైము వేయబోయి ఆగారు. ఎప్పుడో ఒకనాడు బోనెక్కిస్తే లాయరు అడిగేది గంజాయి సంగతి కాదు: “మీరు గడప దాటేటప్పటికి ఆ కాగితం రాసి ఉన్నిందా?”

బానెట్ వైపు చూశారు. రాసే ఉన్నింది. టైము వేశారు.