మొప్పల మార్గమున విషము: మత్స్యవిషములైన మొక్కలును మంచినీటి జీవులును

వేసవిలో ఏఱులెండి మడుగులు మాత్రము మిగిలినపుడు మంగకాయలను దంచి, ఆ పిప్పిని నీటిలో పిసికి, మత్తెక్కి తేలిన చేపలను ఏఱుకొనుట చిరకాలముగా నున్న వేట. ఇందులకు పనికివచ్చు మొక్కలనేకములైనను, చంపు తెఱగును బట్టి చూచినచో పెక్కింటికి మూలము సపోనినులో, రోటెనోనును దాని సజాతీయములునో యని తేలును. కాకమారి గింజలోని పిక్రోటాక్సిను నాడీమండలమును క్షోభింపజేయునది. దాని విచారణ యిక్కడ చేయను.

మంగకాయయు ఇప్పపిండియు సపోనినులు గలవి గావున నీటిలో కలచినంతనే కుంకుడురసమువలె నురుగు కట్టును. ఈ ద్రవ్యము కణముల పొరలయందలి కొలెస్టరాలును పట్టుకొని వానిని ఛిద్రము చేయును. చేప మొప్పలలో నీటికిని రక్తమునకును నడుమ నున్నది మిక్కిలి పలుచని పొర మాత్రమే యగుటచే మొదటి దెబ్బ అక్కడనే తగులును; పిమ్మట ఎఱ్ఱకణములు పగులును. చేప పైకివచ్చి, మొప్పమూతలు వడివడిగా కొట్టుకొనుచుండ నోరు తెఱచి గాలి మ్రింగి, తుదకు ప్రక్కకొరిగి వెల్లకిల బడును. కలుపుచేపలను తొలగించుటకై చేపల చెరువులలో పదిలక్షల పాళ్ల నీటికి 200 మొదలు 250 పాళ్ల ఇప్పపిండిని, అనగా హెక్టారు వైశాల్యమును మీటరు లోతును గల చెరువునకు 2,000 మొదలు 2,500 కిలోలను వేయుదురు. రెండు మూడు వారములలో విషము విఱిగి ఆ పిండియే యెరువగును. రొయ్యలు సపోనినులను చేపలకంటె ఎన్నోరెట్లు అధికముగా ఓర్చుకొనును గనుకనే వాని చెరువులలో తేయాకుగింజల పిండి చల్లి చేపలను మాత్రమే చంపగలుగుచున్నారు.

రోటెనోను కథ వేఱు. 1902లో జపాను రసాయనవేత్త నగాయి డెర్రిస్ వేళ్లనుండి వేఱుపఱచిన యీ పదార్థము కణములలోని మైటోకాండ్రియములను స్తంభింపజేయును. రక్తములో ప్రాణవాయువున్నను కణమది వినియోగించుకొనలేదు. మన పొలముగట్ల వెంపలిలోను దీని సజాతీయములున్నవి. మనుష్యుని కడుపులో బడినపుడు మెల్లగా, కొలదిగా మాత్రమే రక్తమున గలియునది, చేపకు మొప్పలగుండ నేరుగా రక్తమున జేరును. ఒక్క ప్రాణియందే ఈ భేదమును చూడవచ్చును: మొప్పలతో బ్రదుకు తోకకప్ప చచ్చునంతటి మోతాదున పెరిగిన కప్ప తఱచుగా బ్రదికిపోవును. నత్తలు చాలవఱకు తాళుకొనును. చేపపిల్లల కాహారమైన సూక్ష్మజంతువులు మాత్రము నశించును. ఎండ తగిలి యది త్వరగా విఱుగు మాట నిజమే, అంతమాత్రమున నిరపాయమనరాదు. ఎలుకలకు దీర్ఘకాలము దీని నెక్కించగా పార్కిన్సను వ్యాధి లక్షణములు పొడసూపెనని 2000లో వెల్లడియైనది.

తొట్టిలో, తేటనీటిలో, గట్టిప్రాణముగల చేపను 96 గంటలుంచి, సగము చచ్చు మోతాదును నిర్ణయించు పరీక్షలు విరివిగా జరుగుచున్నవి. వానిని నేను నిరాకరింపను. కాని వేసవి మడుగు తొట్టి కాదు. నీరు వేడెక్కి ప్రాణవాయువు ముందే తఱిగియుండును. వానకు ఏఱంతయు తిరిగి నింపవలసిన తల్లిచేపలును పిల్లలును అక్కడనే తలదాచుకొనియుండును. పురుగుమందు కుమ్మరించువానితో పోల్చినచో మంగకాయ దంచినవాడు సాధువే యైనను, చెట్టుమందు గదా యను సమాధానము ఆ పిల్లలయెడ చెల్లదు. నీటిలో విషము గలిపి చేపలను పట్టుటను నేరముగా జేసిన 1897 నాటి భారత మత్స్యచట్టము అయిదవ సెక్షను చెట్టుమందును మినహాయింపలేదు; ఆ కాఠిన్యము న్యాయమైనదే.