చిట్టెం చెప్పే చరిత్ర

ఉత్తర తెలంగాణలోని శ్రీరాంపూర్ అనగానే సింగరేణి బొగ్గు గుర్తొస్తుంది. కానీ ఆ ప్రాంతానికి అంతకంటే పాత పేరు తెచ్చింది కట్టెబొగ్గుతో తీసిన ఇనుము, ఉక్కు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేయడాన్ని భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ చూసి రాశాడు. ఆ వివరణ 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అంత సాక్ష్యం ఉండగా ఆ ఉక్కును మళ్లీ సూక్ష్మదర్శినిలో చూడటం ఎందుకని అడగవచ్చు. వాయ్సీ చూసింది ఒక ఊరి కొలిమిని, అదీ బయటివాడి కంటితో. ఇనుములో కర్బనం ఎలా సర్దుకుందో ఆ కాగితంలో దొరకదు, ఉక్కు ముక్కలోనే దొరుకుతుంది.

లోహం వెలుగును లోపలికి పోనివ్వదు. అందుకే షెఫీల్డ్‌లో శాస్త్రవేత్త హెన్రీ సార్బీ 1863-64లో ఉక్కును నున్నగా మెరుగుపెట్టి, ఆమ్లం తాకించి, తిరిగొచ్చే కాంతిలో పరిశీలించాడు; ఫొటోలూ తీయించాడు. ఆ కాంతిని ఒకే దిశలో కంపించేలా చేసి (దీన్నే ధ్రువణం అంటారు), రెండు ధ్రువణ ఫలకాలను ఒకదానికొకటి అడ్డంగా నిలిపితే మెత్తని ఇనుము చీకటిగానే ఉండిపోతుంది. సిమెంటైట్ (ఇనుము, కర్బనాల సమ్మేళనం), గ్రాఫైట్ మాత్రం ముక్కను తిప్పేకొద్దీ వెలిగి ఆరుతాయి. గాజులాంటి చిట్టెం (లోహం తీశాక మిగిలే మలం) రేణువులు లోపలి రంగు చూపిస్తాయి. మామూలు కాంతి చాలదా అనే మాటలో కొంత నిజముంది, చాలా సంగతులు దానికే తెలుస్తాయి. అయితే ఒక నల్ల మచ్చ గ్రాఫైటా, చిట్టెమా, ఖాళీ రంధ్రమా అని తేల్చాల్సిన చోట ధ్రువణ కాంతి విలువ ఎక్కువ. మూసలో లోహం పూర్తిగా కరిగిందా లేదా అన్న ప్రశ్నకు అలాంటి మచ్చలే సాక్షులు. 2010లో బెంగళూరు నియాస్ సంస్థ, ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉత్తర తెలంగాణలో ఇనుము, ఉక్కు పని జరిగిన చోట్లను ఊరూరా నమోదు చేశారు. అలాంటి చోట్లకు గుర్తు చిట్టెం గుట్టలే. అందుకే పొలం కోసమో రోడ్డు కోసమో చిట్టెం గుట్టను చదును చేసేముందు ఊరివాళ్లు పురావస్తు శాఖకు ఒక్క మాట చెప్పాలి.