మాతృభాష గడిలో ఏం రాయిస్తం? లక్సెంబర్గ్ ముచ్చట, కల్హేర్ ముచ్చట

పోస్టు కొంచెం పెద్దగుంది, ఓపికగా చదవండి.

మన కల్హేర్ దిక్కు తండాల్లో ఇంట్లో గోర్ బోలి. బడిలో తెలుగు. ఖేడ్ అంగట్ల దక్కనీ ఉర్దూ. బీదర్, ఔరాద్ దిక్కు చుట్టాలింటికి పోతే కన్నడ, దెగ్లూర్ దిక్కు పోతే మరాఠీ. దసరా దాటినంక చెరుకు కొట్టడానికి పోయేటోళ్లకు ఫ్యాక్టరీ ఏ రాష్ట్రంల ఉంటే ఆ భాష వచ్చేస్తది. సంతకం పెట్టరాని మన యాడీలు నాలుగు భాషల్లో బేరమాడుతరు. అయినా వాళ్లను "చదువు రానోళ్లు" అనే రాస్తరు.

ఇన్ని భాషలు ఎట్ల కలిసినయంటే, నిజాం రాజ్యంల ఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. కన్నడ, మరాఠీ, తెలుగు మాట్లాడేటోళ్లు ఒకే జిల్లాలో ఉండేవాళ్లు, సర్కారు కాగితం మాత్రం ఉర్దూలో. పహాణీ, మిసల్, రసీదు అప్పటి మాటలే. 1956 నవంబర్ 1న భాషల లెక్కన జిల్లాను పంచిన్రు. ఖేడ్ తాలూకా మెదక్ జిల్లాకు వచ్చింది. ఉద్గీర్, నిలంగా దిక్కు బొంబాయి రాష్ట్రానికి పోయింది, బీదర్ మైసూరుకు పోయింది. తెలుగోళ్లకు, కన్నడోళ్లకు, మరాఠోళ్లకు తలా ఒక రాష్ట్రం దొరికింది. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంట ఈ దక్కన్ అంతా తిరిగిన మన భాషను ఆ పంపకంలో ఎవరూ అడగలేదు. మన బంధుత్వాలకు అడ్డంగా గీత పడింది. ఇక్కడ మనం 1976 చట్టంతో ఎస్టీలమైనం. కర్ణాటకలో మనోళ్లు ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒక్క తాత మనుమలకు మూడు రకాల సర్టిఫికెట్లు!

ఇప్పుడు లక్సెంబర్గ్ సంగతి. ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం నడుమ ఇరుక్కున్న చిన్న దేశం. 2,586 చదరపు కిలోమీటర్లు, జనం ఏడు లక్షల లోపే. అక్కడా ఇదే తీరు. ఇంట్లో లక్సెంబర్గిష్, బడిలో మొదట అక్షరాలు నేర్పేది ఎక్కువగా జర్మన్‌లో, చట్టాలు రాసేది ఫ్రెంచిలో. ఆ దేశాన్ని కూడా 1839లో పెద్ద రాజ్యాలు లండన్‌లో కూర్చుని కోసినయి, పడమటి భాగం బెల్జియంకు ఇచ్చినయి. ఇక లక్సెంబర్గిష్ అంటే "అది భాషనా? జర్మన్ యాస" అనేటోళ్లు. ఈ మాట మనకు కొత్త కాదు కదా.

1940లో హిట్లర్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. మరుసటేడు అక్టోబర్ 10న జనాభా లెక్కలు పెట్టిన్రు. ఫారంలో మూడు ప్రశ్నలు ముఖ్యం: మీ దేశీయత ఏంది, మాతృభాష ఏంది, జాతి ఏంది? యాసల పేర్లు రాస్తే చెల్లదు, జర్మన్ అనే రాయాలని ముందే హెచ్చరించిన్రు. అందరూ జర్మన్ అని రాస్తే ఆ దేశం మాదేనని లోకానికి చూపెట్టుకోవచ్చని వాళ్ల పన్నాగం. దీన్ని ఎదిరించేటోళ్లు రహస్యంగా కరపత్రాలు పంచిన్రు, మూడింటికీ ఒకే జవాబు రాయమని: లక్సెంబర్గిష్. ముందుగా చూసిన ఫారాల్లో ఆ జవాబే ఎక్కువ కనపడేసరికి నాజీ అధికారి గుస్తావ్ సిమోన్ లెక్కలే రద్దు చేసుకున్నడు. తుపాకులున్న సర్కారు ఒక గడిలో రాసిన మాటకు జంకింది!

ఆ భాషకు చట్టంలో జాతీయ భాష అని పేరొచ్చింది 1984లో. అంటే 40 ఏండ్లకు పైనే పట్టింది. అట్లని ఫ్రెంచి, జర్మన్ వదులుకోలేదు. మూడూ నడుస్తున్నయి.

మన దగ్గర 2011 లెక్కల్లో లంబాడి మాట్లాడేటోళ్లు 32 లక్షలకు పైగా. కానీ పుస్తకం తెరిచి చూస్తే ఆ అంకె హిందీ కింద ఉంటది. బంజారీ అని రాయించినోళ్లది ఇంకో అంకె, అదీ హిందీ కిందనే. రాజస్థానీ భాషలకు దగ్గరి బోలిని తీసుకపోయి హిందీలో కలిపిన్రు. ఎనిమిదో షెడ్యూల్‌లో మన భాష లేదు. లిపి లేదని సాకు చెప్తరు. కేతావత్ సోమ్‌లాల్ గారు భగవద్గీతను తెలుగు లిపిలోనే మన బోలిలోకి తెచ్చిన్రు, 2024లో పద్మశ్రీ అందుకున్నరు. లిపి అరువు తెచ్చుకుంటే భాష ఆగదు. మరాఠీ కూడా దేవనాగరిలోనే రాస్తరు కదా.

నాకు ఎక్కువ భయం హిందీ గురించి కాదు. పట్నం పోయి చదువుకున్న మనోళ్లే మాతృభాష అడిగితే "తెలుగు" అంటున్నరు. హిందీ కింద పడ్డ అంకెను రేపు బయటికి తీయొచ్చు. తెలుగు అని రాయించుకున్నోడు ఏ అంకెలోనూ దొరకడు. హాస్టల్లో తోటోళ్లు నవ్వుతరని మొదలైన అలవాటు ఇది, నాకు తెలుసు.

2027 జనగణనకు లెక్కలోళ్లు తండాకు వస్తరు. జనగణనలో మాతృభాష అంటే బడి భాష కాదు, చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. పోయినసారి దాంతోపాటు వచ్చిన వేరే భాషలు ఇంకో రెండు రాసుకున్నరు. మన కల్హేర్ వాళ్లకు ఆ రెండు గళ్లు చాలవు గానీ, తెలుగు, ఉర్దూ అక్కడ రాయించండి. మొదటి గడి మీ యాడీ మీతో మాట్లాడిన మాటది. ఆ రోజు ఇంట్లో ముసలోళ్లే ఉంటే ముందే చెప్పి పెట్టండి. ఫారం నింపినంక ఏం రాసిన్రో చదివి చూసుకోండి.