కంట్రోలు చార్టు నుంచి కంప్యూటర్ ట్రేసు దాకా

ఈ ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు రాయమని కార్యదర్శిగారు కోరారు. జ్ఞాపకాలు చాలామంది రాస్తున్నారు గనుక, సెక్షన్ కంట్రోలరుగా నేను ఏళ్ల తరబడి గీసిన చార్టు గురించీ, అలాంటి చార్టే కంప్యూటర్లలోకి వచ్చిన వైనం గురించీ రాస్తాను. రెండో సంగతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గర తెలుసుకున్నది.

ఆపరేటింగ్ విభాగం మిత్రులకు చార్టు గురించి చెప్పనక్కరలేదు. కుటుంబ సభ్యుల కోసం చెబుతున్నాను. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువునా తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, ఇలా స్టేషన్లు. స్టేషన్ మాస్టరు ఫోనులో చెప్పిన వేళకు చుక్క పెట్టి, చుక్కలు కలిపితే బండి గీత వస్తుంది. గీత ఏటవాలుగా ఉంటే బండి నడుస్తున్నట్టు, అడ్డంగా సాగితే నిలబడినట్టు. ఇది మనవాళ్లు కనిపెట్టింది కాదు. ఫ్రాన్సు శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే పుస్తకం 1885 కూర్పులో పారిస్–లియాన్ బండ్లకు ఇలాంటి పటమే ఉంది. ఆ పద్ధతి ఇబ్రీ అనే ఆయనదని కూడా అందులో చెప్పారు.

చార్టు విలువ ఆలస్యం జరిగిన రోజున తెలుస్తుంది. నా సర్వీసులో ఒక గూడ్సు బండి 40 నిమిషాలు డిటెన్షన్ అయింది. మెల్లగా నడిపాడని డ్రైవరును ఎక్స్‌ప్లనేషన్ అడిగారు. చార్టు తీసి చూస్తే అతను నడిపిన గీతలో ఏ వంకా లేదు. లూప్ లైనులో మాత్రం పొడుగాటి అడ్డగీత ఉంది. వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి బండిని అక్కడ నిలిపారు. ఆ ఎక్స్‌ప్రెస్ అంతకు ముందు స్టేషన్లోనే వేరే కారణంతో ఆగిపోయింది. డ్రైవరు ఇంక్రిమెంటు ఆ పెన్సిలు గీత వల్లే నిలిచింది.

ఇక కంప్యూటర్ల సంగతి. ప్రోగ్రాములో కాలం ఎక్కడ ఖర్చవుతోందో కొలిచి చూడడం పాత పనే. 1971లో డొనాల్డ్ కనూత్ ఫోర్ట్రాన్ ప్రోగ్రాములను పరిశీలించి, ప్రోగ్రాములో 4 శాతం కూడా లేని భాగమే సగానికి పైగా కాలం తింటోందని చూపాడు. 1982లో బర్కిలీ విశ్వవిద్యాలయం వారు జీప్రాఫ్ అనే సాధనం వెలువరించారు. అది ఒక ప్రోగ్రాములో ఏ భాగానికి ఎంత కాలం పట్టిందో లెక్క తేల్చేది. అంటే నెలాఖరు స్టేట్‌మెంటు వంటిది. ఏ నిమిషాన ఎవరు ఎవరి కోసం ఆగారో అందులో కనబడదు.

2008 సెప్టెంబరులో గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరు వచ్చింది. అందులో పనంతా ఒకే ప్రాసెస్‌లో జరగదు. కిటికీలూ ఫైళ్లూ చూసుకునే ప్రధాన ప్రాసెస్ ఒకటి, పేజీలు గీసే ప్రాసెస్‌లు వేరే. ఒక పేజీ కూలినా మిగతావి నిలబడాలని ఈ ఏర్పాటు. మంచిదే, కానీ ఆలస్యమైతే తప్పు ఎవరిదో తేల్చడం కష్టమైంది. అందుకని ట్రేసింగ్ పెట్టారు. రికార్డింగ్ మొదలు పెట్టమని ప్రధాన ప్రాసెస్ అందరికీ కబురు పంపుతుంది. ప్రతి ప్రాసెస్ తన పనుల మొదలూ ముగింపూ, సెకనులో పది లక్షల వంతు లెక్కన, తన దగ్గరే రాసుకుంటుంది. ఆపమన్నప్పుడు అన్నిటినీ పోగుచేసి ఒకే ఫైలు చేస్తారు. తెరమీద చూస్తే అడ్డంగా కాలం, నిలువునా ప్రాసెస్‌లు. మొదటిసారి చూసినప్పుడు ఇది మన చార్టేగదమ్మా అన్నాను.

మన పద్ధతిలో సాయంత్రం 4 గంటలకు కంట్రోలు నుంచి టైము సిగ్నల్ ఇచ్చి స్టేషన్ల గడియారాలన్నీ కలిపేవాళ్లం. కలపకపోతే బండి బయలుదేరక ముందే చేరినట్టు చార్టులో పడుతుంది. ఒకే కంప్యూటర్లోని ప్రాసెస్‌లకు ఆ బాధ తక్కువ, అందరికీ గడియారం ఒకటే.

క్రోమ్ ఇంజనునే లోపల పెట్టుకుని, 2013లో ఆటమ్ షెల్ పేరుతో మొదలై 2015లో ఎలక్ట్రాన్‌గా పేరు మార్చుకున్న సాధనం ఒకటుంది. డెస్క్‌టాప్ అప్లికేషన్లు చాలా దానిమీద కట్టారు. విజువల్ స్టూడియో కోడ్ అందులో ఒకటి. ఆ అప్లికేషన్లలోనూ ఇదే ట్రేసును రికార్డు చేసుకోవచ్చు.

మా అమ్మాయి పనిచేసే కంపెనీ అప్లికేషన్ అలాంటిదే. ఉండి ఉండి తెర బిగుసుకుపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. తెర రాసిన కుర్రవాడి మీదకు మాట వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. అమ్మాయి ట్రేసు తీయించింది. తెర ప్రాసెస్ ఏ పనీ చేయకుండా నిలబడి ఉంది. ప్రధాన ప్రాసెస్‌కు కబురు పెట్టి, జవాబు వచ్చేదాకా కదలకూడదన్న పద్ధతిలో ఆగింది. ప్రధాన ప్రాసెస్ ఆ వేళ పెద్ద ఫైలు ఒకటి చదువుతోంది. అదే లూప్ లైను, అదే ఎక్స్‌ప్రెస్! జవాబు కోసం నిలబడకుండా సాగేలా మార్చారు. కుర్రవాడు ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు.

రికార్డు చేయడానికీ ఖర్చుంది. అన్ని రకాల సంఘటనలూ రాయమంటే ఆ రాతే యంత్రాన్ని నెమ్మది చేస్తుంది, ఫైలూ పెరిగిపోతుంది. కావలసిన తరగతులు ఎంచుకుని, ఇబ్బంది కనబడిన కొద్ది సెకన్లకు మాత్రమే తీయడం మంచిది. మీ పిల్లల అప్లికేషన్‌కు ఎవరైనా ట్రేసు పంపమంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. తెరిచిన పేజీల చిరునామాలు అందులో ఉండవచ్చు. బ్యాంకు పేజీ మూసి రికార్డు చేయండి.