గాలం

గద్వాల దాటి రాయచూరు చేరితే మన గాలం కన్నడంలో ‘గాళ’ అవుతుంది. అక్కడా ఇక్కడా చేపను పట్టే కొక్కెమే. మనకైతే కర్ర, దారం, బెండు, కొక్కెం అన్నీ కలిపినా గాలమే. జూరాల ఆనకట్ట దగ్గర రీలు తిప్పేవాళ్లు వేసేదీ గాలమే.

అసలు పని కొన పక్కనుండే చిన్న ఎదురుముల్లుది. లోపలికి సులువుగా దిగుతుంది, వెనక్కి రాదు. అది అరిగితే వాలుగ ఒక్క విదిలింపుతో తప్పించుకుంటుంది. కొన పదును తెలియాలంటే గోటి మీద ఆనించాలి: జారిందా, మొద్దుబారినట్టే.

మనిషిని బుట్టలో వేసుకోవడాన్నీ ‘గాలం వేయడం’ అన్నారు. నాకది అన్యాయంగా తోస్తుంది. ఏటి గట్టున గాలం వేసేవాడికి కావలసింది ఓపిక. ఆ నింద ‘ఎర చూపడం’ మోస్తే చాలు. జూరాల గేట్లు ఎత్తే రోజుల్లో మాత్రం ఓపిక పనికిరాదు, గాలం చుట్టేసి గట్టెక్కాలి.